నీలం చూసి మురిసిన బుల్లబ్బాయి

అంబాజీపేట కొట్లలో కురిడీ కొబ్బరికి బుల్లబ్బాయి చెవే ప్రమాణం. కాయల్ని నెలల తరబడి అటక మీద ఆరబెడితే లోపలి నీళ్ళు ఇంకి, కొబ్బరి గట్టిపడి చిప్ప నుంచి విడిపోతుంది. అదే కురిడీ. కాయని చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గుండు లొటలొటలాడాలి. ఆడితే ఒక రాశి, ఆడకపోతే ఇంకో రాశి. "మెత్తగా ఉన్నదే కుళ్ళుద్దండి. గట్టిపడిందా, ఇంక దానికి చావు లేదు" అనేవాడు.

మాది పక్కిల్లే. భార్య పోయాక కూతురు కామాక్షిని ఒక్కడే పెంచుకొచ్చాడు. ఆ పిల్ల అమలాపురంలో డిగ్రీ చదువుతుండగా కడుపునొప్పి మొదలైంది. అన్నం తిన్న కాసేపటికి మెలికలు తిరిగిపోయి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకునేది. గ్యాసన్నారు, అల్సరన్నారు. చివరికి కాకినాడలో స్కానింగు తీసి, క్లోమగ్రంథి పాడవుతోందన్నారు. రెండువేల ఏడులో హైదరాబాదు తీసుకెళ్ళాం. పెద్ద ఊరంటే భయమని నన్ను తోడు రమ్మన్నాడు.

అక్కడ కొత్త పరీక్ష ఒకటి చేశారు. నోట్లోంచి గొట్టం దించి, దాని చివరనున్న స్కానింగుతో క్లోమం ఎంత గట్టిగా ఉందో చూస్తారు. మెత్తటి చోటు ఎరుపు, ఆకుపచ్చల్లోనూ, బిరుసెక్కిన చోటు నీలంగానూ తెర మీద పడుతుంది.

"ఇదంతా గట్టిపడిందండి, నీలంగా ఉంది చూశారా?" అన్నారు డాక్టరుగారు. మిగతాది, చదువుకున్న పిల్ల కదా అని, కామాక్షికి ఇంగ్లీషులో చెప్పారు.

బుల్లబ్బాయి మొహం విప్పారింది. "ఇన్నారా మాస్టారూ? గట్టిపడిందంట! ఇంక కుళ్ళదండి. అప్పనపల్లి వెళ్ళి స్వామికి తలనీలాలిచ్చేత్తాను."

నేను నోరు తెరవబోయాను. కామాక్షి నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. తండ్రితో మాత్రం, "ఏం, నన్ను కూడా చెవి దగ్గరెట్టుకుని ఊపి చూత్తావేటి నాన్నా?" అంది.

"నీలో ఊపడానికేవుందే, ఎండుపుల్లలాగున్నావు!"

ముగ్గురం నవ్వాం.

అన్నట్టే గుండు చేయించుకున్నాడు. కొట్లలో అందరికీ చెప్పుకున్నాడు. కామాక్షి గొట్టం మాత్రలు మింగుతూ, సూదులు పొడుచుకుంటూ, తిన్నది ఒంటపట్టక రోజురోజుకీ తీసిపోయింది. జాకెట్లకి మళ్ళీ మళ్ళీ కుట్లు లోపలికి వేసుకునేది. ఆ పిల్ల వాకిట్లో కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తుంటే, బుల్లబ్బాయి "లోపల గట్టిదేలే, తట్టుకుంటాది" అని నాకు ధైర్యం చెప్పేవాడు.

మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళాం. డాక్టరుగారు నోరు తెరవకముందే బుల్లబ్బాయి ముందుకి వంగి తెరకేసి చూశాడు.

"నీలం బాగా పెరిగిందండి!" అన్నాడు సంబరంగా.

డాక్టరుగారు తెల్లబోయారు. "అది మంచిదని ఎవరు చెప్పారండీ మీకు? క్లోమం మెత్తగా ఉంటేనే రసాలు ఊరేది. వాచి మానీ, వాచి మానీ, మచ్చకట్టి బిరుసెక్కిపోతోంది. బిరుసెక్కిన చోట ఇక ఏమీ ఊరదు. మళ్ళీ మామూలుగా అవదు కూడా."

బుల్లబ్బాయి కొత్తగా పెరిగిన జుట్టుని అరచేత్తో తడుముకున్నాడు.

"కురిడీ మొలకెత్తదు కదండీ," అన్నాడు చివరికి, ఎవరితోనో అన్నట్టు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "నీకు తెలుసా అమ్మా?"

"ఆయ్."

"ఎప్పట్నించే?"

"మొదటిసారే చెప్పేరు నాన్నా. నువ్వంత సంబరపడుతుంటే ఎలా చెప్పమంటావు?"

తిరుగు ప్రయాణంలో ఆ పిల్ల తల తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గోదావరి దాటుతుంటే ఎప్పుడూ దణ్ణం పెట్టుకునేవాడు. ఆ రోజు చెయ్యి ఆమె తల మీంచి తీయలేదు.

ఆ వచ్చిన వానాకాలంలో కామాక్షి జ్వరంతో పడుకుంది. ఒంట్లో తట్టుకునే శక్తి లేదు. మళ్ళీ లేవలేదు.

కొట్ల వాళ్ళు కబురు మీద కబురు పెట్టారు. బుల్లబ్బాయి వెళ్ళాడు. రాశి ముందు కూర్చుని, ఒక కాయ చేతిలోకి తీసుకుని, చెవి దాకా తీసుకెళ్ళి, ఊపకుండానే కింద పెట్టేశాడట. "నా చెవి పోయిందండి. ఎవరినైనా చూసుకోండి" అని లేచి వచ్చేశాడు. ఆ తర్వాత ఎవరడిగినా అదే మాట.

నేను మా అరుగు మీంచి, గొంతు పెంచకుండా, "బుల్లబ్బాయ్" అని పిలిస్తే మాత్రం, అవతలి వాకిట్లోంచి వెంటనే పలికేవాడు.

"ఆయ్, వత్తున్నానండి."