జైనబక్క గీసిన పాదం

ఈ ఉదయం స్నానానికి వేడినీళ్లు పోసుకోగానే మోకాలి కింద, ఎముక మీద చురుక్కుమంది. వంగి చూస్తే వరసగా మూడు ఎర్రటి చుక్కలు. నిన్న సాయంత్రం పులివెందుల బయట గుట్ట దారిలో నా సైకిల్ పెడల్ ముళ్లు గీరిన గుర్తులవి. పాత మచ్చల పక్కన కొత్తవి చేరాయి. మంట పుడుతున్నా నాకు నవ్వొచ్చింది. "కరిసే కుక్కే కాపలా కాస్తాది పాపా" అని జైనబక్క ఈ ముళ్ల గురించే అనేది.

జైనబక్కది ప్రొద్దుటూరులో సైకిల్ షాపు. భర్త కువైట్‌కు పోతూ షాపు మూసేయమని తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడట. మరుసటి రోజే ఆమె అదే తాళంచెవితో షాపు తెరిచి కూర్చుంది. చీర కొంగు నడుముకు దోపి, ముంజేతుల దాకా నల్లటి గ్రీజుతో, వచ్చినవాళ్ల ముఖాలకన్నా ముందు కాళ్లు చూసేది. నేను మొదటిసారి వెళ్లినప్పుడూ అంతే. గాయం మానినా నేనింకా చేతికి చుట్టుకుంటున్న పట్టీని పట్టించుకోకుండా నా చెప్పుల వంకే చూసింది.

నేను పులివెందులలో ఒక బడిలో డ్రిల్లు టీచర్ని. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, వీడియోలు చూసి చూసి, కొండలెక్కే సైకిల్ కొన్నాను. దానికి బూటు పెడల్‌లోకి లాకు పడే రకం పెడల్స్ పెట్టించాను. పెద్ద పెద్ద పందేలవాళ్లు అవే వాడతారని ఎక్కడో విన్నాను మరి. జమ్మలమడుగు నుంచి గండికోటకు ఎక్కుతుంటే ఒక మలుపులో వేగం తగ్గిపోయింది. కాలు దించబోయాను. బూటు ఊడి రాలేదు. సైకిల్‌తో పాటే పక్కకు ఒరిగి పడ్డాను. మణికట్టు విరిగింది. అది అతుక్కుంది గానీ, లోపల ఇంకేదో అతుక్కోలేదు. గోడ దూకడానికి జంకే పిల్లలతో "భయపడకండి" అని చెప్పడం నా ఉద్యోగం. ఆ మాట అనడానికి నాకు నోరు రావడం మానేసింది. సైకిల్ కంటబడితేనే అరచేతులు చెమర్చేవి. ఎవరికైనా ఇచ్చేయమని దాన్ని తీసుకుపోయి జైనబక్క షాపులో పెట్టాను.

"ఏమైంది దీనికి?" అంది.

"దీనికేం కాలేదక్కా. పెడల్ నా కాలు వదల్లేదు, పడిపోతి."

ఆమె పెడల్‌ను బొటనవేలితో నొక్కి చూసి పకపకా నవ్వింది. "ఆడలేక మద్దెల ఓడంటారు గానీ, నీ మద్దెల నిజంగానే ఓడుదే పాపా! ఎక్కేది నేర్సుకోకముందే ఎవరన్నా కాళ్లు కట్టేసుకుంటారా? చెప్పులిడిసి ఈడ నిలబడు."

ట్యూబుల అట్టపెట్టె ఒకటి చింపి నేల మీద పరిచింది. దాని మీద నన్ను నిలబెట్టి, చెవి వెనక పెన్సిల్ తీసి, నా పాదం చుట్టూ గీత గీసింది. అరవై ఏళ్లకు దగ్గర పడ్డ మనిషి నా కాళ్ల దగ్గర కూర్చుంటే సిగ్గేసి వెనక్కి జరగబోయాను. "కదలొద్దు, గీత పోతాది" అని కసిరింది.

అప్పుడు మూడు రకాల పెడల్స్ తెచ్చి ఆ గీత మీద ఒక్కోటీ పెట్టి చూసింది. వెండిలా మెరిసేదాన్ని నేను చటుక్కున పట్టుకున్నాను. "మెరిసేది పెండ్లికి, ముళ్లుండేది కొండకు" అని లాక్కుంది. అది సన్నం, పాదం సగం బయటికి వస్తోంది. ప్లాస్టిక్‌ది వెడల్పే గానీ, దాని ముళ్లు ఇట్టే అరిగిపోయే రకం. మూడోది వెడల్పాటి అల్యూమినియం పలక. మందం తక్కువ, నడుమ కొంచెం పల్లం, అంచుల్లో విప్పి బిగించుకునే చిన్న చిన్న మరముళ్లు. దాన్ని చెవి దగ్గర ఊపి, లోపల గలగల లేదని చూసుకుని నా చేతిలో పెట్టింది. "అడుగు సదునుగా ఉండే బూట్లేసుకో. ఈ ముళ్లు పట్టుకుంటాయి. నువ్వు ఎత్తితే ఇడిసిపెడతాయి. పట్టుకునేది దాని పని, ఇడిసేది నీ పని."

ఇచ్చేయడానికి తెచ్చిన సైకిల్‌కు నేనే పెడల్స్ బిగించేలా చేసింది మహాతల్లి. కుడిది ఎక్కింది. ఎడమది ఎంత తిప్పినా మరలో పడలేదు. పళ్లు బిగబట్టి ఇంకా బలం పెట్టబోతుంటే గ్రీజు చేయి నా చేతి మీద పడింది.

"ఏం చేస్తాండావు?"

"బిగిస్తాండా."

"ఇప్పుతాండావు. సూడు, కుడి ఎడమ మర్సిపో. ముందు చక్రం యాడుంది? పానా పైనుంచి ఆ పక్కకు తిప్పు. రెండు పెడల్లూ ముందరికి తిప్పితేనే బిగుస్తాయి."

తిప్పాను. వెన్నలా దిగింది. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె చూడనట్టు నటిస్తూ ట్యూబు గాలి పరీక్షకు బకెట్ నీళ్లలో చేతులు పెట్టింది.

పది రోజుల తర్వాత మళ్లీ గండికోట దారి పట్టాను. అదే మలుపు. ఎదురుగా లారీ వచ్చేసరికి బ్రేకు గట్టిగా నొక్కేశాను, వెనక చక్రం కంకరలో పక్కకు పోయింది. ఏం జరిగిందో తెలిసేలోపు ఎడమ కాలు నేల మీద ఉంది, సైకిల్ నా నడుముకు ఆనుకుని నిలబడి ఉంది. అక్కడి నుంచే జైనబక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, జారినా."

"కాలు యాడుంది?"

"నేల మీదే ఉంది."

"అట్లయితే పడలేదు లే. పో, ఎక్కు."

ఎక్కాను. కోట గోడ దాకా ఎక్కాను. సోమవారం బడికి పోయి, గోడ ముందు నిలబడ్డ పిల్లలతో చాలా నెలల తర్వాత "భయపడకండి" అనగలిగాను.

జైనబక్క చనిపోయి రెండేళ్లయింది. షాపు ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. ఆమె గీసిన అట్టముక్క నా బీరువాలో ఉంది, మడమ దగ్గర ఆమె గ్రీజు వేలిముద్రతో సహా. ఆమెకు నేను చక్కగా కృతజ్ఞత చెప్పింది ఎన్నడూ లేదు. చెప్పబోతే "టీ తాగుతావా?" అని మాట మార్చేది.

నిన్న గుట్ట దారిలో నా వెంట వచ్చిన ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి కంకరలో జారింది. నేను కంగారుగా దిగబోయి నా కాలే గీరుకున్నాను. ఆ పిల్ల ఒంటికాలి మీద సైకిల్‌ను ఆపుకుని, కళ్లనిండా నీళ్లతో, నేను నోరు తెరవకముందే అంది: "పడలేదు మేడమ్. కాలు నేల మీదే ఉంది."

జారినప్పుడల్లా నేను వాళ్లకు చెప్పే ఆ మాట నాదనుకుంటున్నారు మా పిల్లలు. కాదని చెప్పడానికే ఇది రాశాను.