రోడ్డుకూ రాళ్ళకూ ఒకే బండి

మా ఆయనకు గుట్టలెక్కే మోటారు సైకిలు పిచ్చి ఒక ఆఫీసు పిక్నిక్‌లో పట్టుకుంది. గుర్గావ్ దాటి ఇంకా ముందుకు పోతే ఆరావళి గుట్టల మధ్య ఒక చెరువుంది. ఆయన సెక్షన్ వాళ్ళందరం కుటుంబాలతో బస్సు మాట్లాడుకుని అక్కడికి వెళ్ళాం. పూరీల డబ్బా మూత తీశామో లేదో, ఎదురుగా ఉన్న గుట్ట మీద నుంచి ఐదుగురు మోటారు సైకిళ్ళ మీద దిగారు. దారి ఉన్న వైపు నుంచి కాదు, మేకలు కూడా ఆలోచించుకుని దిగే వైపు నుంచి. ఒళ్ళంతా దుమ్ము. పక్కనున్న దుకాణంలో చాయ్ తాగి, మళ్ళీ అదే గుట్ట ఎక్కి వెళ్ళిపోయారు. మా ఆయన పూరీ ముక్క చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయారు.

అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్ళు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో సెక్షన్ ఆఫీసరు. పై అధికారి రాసిన ఇంగ్లీషులో తప్పు దిద్దడమే అప్పటిదాకా ఆయన చేసిన పెద్ద సాహసం. నేను ఒక పెద్దాసుపత్రిలో, ఎముకల వార్డులో స్టాఫ్ నర్సుని. ఇద్దరిదీ గుంటూరు వైపే. ఢిల్లీ మయూర్ విహార్‌లో మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. ఇంటి ముందు మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. ఇంట్లోనే ఇంత దుమ్ము దొరుకుతుంటే దానికోసం అంత దూరం పోవడమెందుకండీ అన్నాను. ఆయన నవ్వలేదు. జబ్బు ముదిరిందని అప్పుడే అర్థమైంది.

గుట్టల్లో పందేలకు వాడే బండ్లు వేరే ఉంటాయట. వాటికి దీపం ఉండదు, హారను ఉండదు, నంబరు ప్లేటు ఉండదు. టెంపోలో ఎక్కించుకుని తీసుకుపోవాలి. నంబరు లేని బండిని మా ఆయన కలలో కూడా ఎక్కరు. ఆయనకు కావలసిన బండి ఇంటి దగ్గర్నుంచి అన్ని దీపాలతో, అన్ని కాగితాలతో, రెండు అద్దాలతో మర్యాదగా రోడ్డు మీద పోవాలి. గుట్ట మొదట్లోకి రాగానే ఆ మర్యాద వదిలేయాలి. రోడ్డుకూ రాళ్ళకూ ఒకే బండి. అలాంటివి ఆ రోజుల్లో మన షోరూముల్లో కనిపించేవి కావు. ఎవరో పాతబండిని మార్పించుకున్నదో, విదేశాల నుంచి తెచ్చుకున్నదో వెతికి పట్టుకోవాలి.

ఇంకొకరైతే నలుగురినీ అడిగి ఏదో ఒకటి కొనేసేవారు. మా ఆయన ఫైలు తెరిచారు. మాటవరసకు అనడం లేదు, నిజంగా ఫైలే. గోధుమరంగు అట్ట, మూలన ట్యాగు, ఎడమ వైపు నోట్ షీట్లు, కుడి వైపు కాగితాలు. మొదటి పేజీలో ప్రతిపాదన రాసి, సంతకం పెట్టి, వంటింట్లో పొయ్యి పక్కన నా ముందు పెట్టారు. ‘సక్షమ అధికారి ఆమోదం కొరకు’ అని ఉంది, అంటే మంజూరు చేసే అధికారం ఉన్నవాళ్ళకని.

“ఎవరండీ ఈ అధికారి?”

“నువ్వే.”

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నాకు వచ్చిన ప్రమోషన్ అదొక్కటే. ఆ అధికారాన్ని ఎలా వాడాలో కూడా ఆయనే ఎప్పుడో అన్నం తింటూ నేర్పి ఉన్నారు. పెద్ద అధికారికి ఒక ఫైలు నచ్చకపోతే వద్దని రాయడట. రాస్తే కారణం చెప్పాలి. అందుకని ‘ప్లీజ్ స్పీక్’ అని రాసి వెనక్కి పంపుతాడట, వచ్చి నాతో మాట్లాడు అని. మాట్లాడదామని వెళితే ఆయన మీటింగులో ఉంటాడు. ఫైలు అలా తిరిగి తిరిగి ముసలిదైపోతుంది. నేను గరిటె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, నోట్ షీటు మీద ‘ప్లీజ్ స్పీక్’ అని రాసిచ్చాను. ఆయన పడీ పడీ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రెండు మాటలతో రెండేళ్ళు నెట్టుకొస్తానని అప్పుడు నాకూ తెలియదు.

మొదట్లో నాకు నిజంగానే భయం. మా వార్డులో కాళ్ళకు బరువులు వేలాడదీసుకుని పడుకున్నవాళ్ళలో మోటారు సైకిళ్ళ వాళ్ళే ఎక్కువ. వాళ్ళంతా రోడ్డు మీద పడ్డవాళ్ళు. ఈయన రోడ్డు చాలక రాళ్ళ మీద పడతానంటున్నారు. అందుకని ప్రశ్నలు రాసేదాన్ని. పడితే బండి ఎవరు లేపుతారు? ఫోను కలవకపోతే? ఆయన వాటికి వరసగా జవాబులు రాసి, ఇంకో బండి వివరాలు జతచేసి, ఫైలు మళ్ళీ పెట్టేవారు. ఒక్కో బండికీ ఒక్కో తనిఖీ. తనిఖీకి అధికారి స్వయంగా రావాలి కదా.

తనిఖీలకు ఆదివారం ఉదయాలే కుదిరేవి. మేం వెళ్ళే చర్చిలో పొద్దున హిందీ ఆరాధన, తర్వాత మలయాళం వాళ్ళది. తెలుగు వాళ్ళ వంతు సాయంత్రం నాలుగింటికి. అంతకుముందు నా వారపు సెలవు ఏ మంగళవారమో పడేది. బండ్ల కోసం దాన్ని ఆదివారానికి మార్చుకున్నాను. అందుకు బదులుగా తోటివాళ్ళ నైట్ డ్యూటీలు చేశాను.

మొదటి తనిఖీ కరోల్ బాగ్‌లో, పాతబండ్ల సందులో జరిగింది. దుకాణదారు ఎర్రగా మెరిసిపోతున్న బండి చూపించాడు. టైర్లకు పెద్ద పెద్ద పళ్ళు, పైకి లేచిన సైలెన్సరు. మా ఆయన ముందుగా కాగితాలు అడిగి తీసుకుని కళ్ళద్దాలు సర్దుకున్నారు. ఆయన బండి చూసే పద్ధతి అది. ఇంజను నంబరు ఆర్సీలో నంబరుతో సరిపోతే బండి బాగున్నట్టే లెక్క. నేను ఊరికే నిలబడలేక బండి చుట్టూ తిరిగాను. హ్యాండిల్ కింద, ఫ్రేము గొట్టం మీద వేలు పెడితే రంగు కింద చిన్న గట్టు తగిలింది. విరిగి అతుక్కున్న ఎముక మీద వేలు పెట్టినా అలాగే తగులుతుంది.

“భయ్యా, యే టూటా హువా హై,” ఇది విరిగిన బండి అన్నాను.

“అరే నహీ భాభీజీ, కంపెనీ కా జోడ్ హై.”

కంపెనీ వాళ్ళ అతుకే అయితే రెండో వైపు కూడా ఉండాలి కదా, ఏదీ చూపించు అన్నాను. అతను రెండో వైపు వంగి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

“భాభీజీ తో మిస్త్రీ నికలీ!” అని, వదినగారు మెకానిక్కేనని మెచ్చుకుని మా ఇద్దరికీ చాయ్ తెప్పించాడు.

స్కూటరు మీద తిరిగి వస్తుంటే మా ఆయన సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా వెనక్కి తిరిగి, “నువ్వు లేకపోతే కొనేసేవాణ్ణే,” అన్నారు. అలా మూడుసార్లు అన్నారు. దారిలో ఆగి ఛోలే భటూరే తిన్నాం. పెళ్ళయిన కొత్తలో తప్ప ఇలా ఒక పూటంతా ఇద్దరమే తిరిగిన గుర్తు లేదు. ఆయన ఆఫీసు, నా షిఫ్టులు, పిల్ల చదువు, వీటి మధ్య మేం ఒకే ఇంట్లో వేర్వేరు వేళల్లో కాపురం చేశాం. నాకు కావలసింది బండి దొరకడం కాదనీ, దొరకకపోవడమనీ ఆ రోజు తెలిసింది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది కానీ అదే నిజం.

ఇక ఊరుకుంటానా! నా భయం తగ్గుతున్నకొద్దీ నా ప్రశ్నలు పెరిగాయి. ఘాజియాబాద్ వైశాలిలో ఒకటి చూశాం, నోయిడాలో రెండు, ఫరీదాబాద్‌లో ఒకటి. బండి కింద రాయి తగలకుండా ఎంత ఎత్తుండాలో, ముందు ఫోర్కులోంచి నూనె కారితే ఎలా తెలుస్తుందో నేర్చుకున్నాను. కొన్నాళ్ళకు అమ్మేవాళ్ళు ఆయనతో కాక నాతోనే మాట్లాడేవారు. చాణక్యపురిలో ఒక రాయబార కార్యాలయం ఉద్యోగి స్వదేశం వెళ్ళిపోతూ తన బండి అమ్మకానికి పెట్టాడు. మా ఆయన కోరినవన్నీ ఉన్న అసలు సిసలు బండి అది. మా ఆయన ఎక్కి కూర్చుంటే రెండు పాదాలూ గాల్లో వేలాడాయి.

“కొంచెం ఎత్తు,” అన్నారు.

“దిగడానికి స్టూలు కూడా ఇస్తారేమో అడగండి,” అన్నాను.

నేను ప్రశ్న రాసే అవసరం లేకుండానే, సుంకం ఇంకా కట్టాల్సి ఉందన్న కస్టమ్స్ కాగితాలు చూసి ఆయనే దిగిపోయారు. ఎందుకు కుదరదో మూడు పేజీల నోటు రాసి నాకు పంపారు. అంత సంతోషంగా నేను ఏ కాగితమూ చదవలేదు.

ఈలోగా ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆయన హెల్మెట్ కొన్నారు, చేతులకు గ్లవుజులు కొన్నారు, మోకాళ్ళకు కట్టుకునే చిప్పలు కొన్నారు. ఆ చిప్పలు కట్టుకుని బాల్కనీలో కరివేపాకు మొక్కకు నీళ్ళు పోసేవారు. పదో తరగతి చదివే మా అమ్మాయి అది చూసి, “మమ్మీ, దిలా దో నా, బేచారే పాపా,” అంది. నాన్న మీద జాలిపడి బండి ఇప్పించమని సిఫార్సు చేసిన మొదటి మనిషి అదే. ఆ వారం కూడా నేను ‘ప్లీజ్ స్పీక్’ అనే రాశాను.

రెండేళ్ళు నిండుతుండగా ఒక శనివారం ఆయన ఫైలుకు తాడు కట్టి బీరువా మీద పెట్టేశారు. “వదిలెయ్ లే. మన వయసుకు ఎందుకు ఇవన్నీ,” అన్నారు. కోపంగా అంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. మామూలుగా అన్నారు. మర్నాడు పొద్దున ఎక్కడికీ వెళ్ళలేదు. ఆయన పేపరు మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా చదివి, మధ్యాహ్నం నిద్రపోయారు. ఆ తర్వాతి ఆదివారమూ అంతే. నేను కాపాడుకుందామనుకున్న ఆదివారాలు అలా నా చేతుల్లోనే పోయాయి. ఆయన కోరికను కూడా నేనే చంపేశాను కదా అని చాలా బాధేసింది.

అందుకని ఈసారి నేనే వెతికాను. మా హాస్పిటల్లో ఒక డాక్టరు తన స్నేహితుడొకాయన గుర్గావ్‌లో బండి అమ్ముతున్నాడని చెప్పాడు. ఫైలు దించి, దుమ్ము దులిపి, మా ఆయనను నిద్ర లేపి తీసుకెళ్ళాను. అమ్మే ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పెళ్ళి కుదిరింది, ఈ బండి వదిలితేనే పిల్లనిస్తామన్నారట. తెలివైనవాళ్ళు అనుకున్నాను. బండి మాత్రం నిజంగా మంచిది. ఎత్తు సరిపోయింది. ఫ్రేము అంతా తడిమాను, చక్రాల పుల్లలు ఒక్కొక్కటీ మీటి చూశాను, ఎక్కడా అతుకు లేదు. మా ఆయన కాగితాలు పైకి చదువుతుంటే నేను ఫైల్లో టిక్కులు పెట్టాను. ఇంజను నంబరు, సరే. ఛాసిస్ నంబరు, సరే. హర్యానా నుంచి ఢిల్లీకి మార్చుకోవడానికి అభ్యంతరం లేదన్న కాగితం, సరే. సీటింగ్ కెపాసిటీ, రెండు. సరే. సీటు వెనక చిన్న ఇనుప క్యారియరు ఉంటే అదెందుకని అడిగాను కూడా. సామాను కట్టుకోవడానికి అన్నాడాయన. టిఫిన్ డబ్బాకు బాగుంటుందనుకున్నాను. అక్కడే నిలబడి ‘అప్రూవ్డ్’ అని రాసి సంతకం పెట్టాను.

బండి బదిలీ కాగితాలన్నీ అయ్యాక అమ్మినాయనే స్వయంగా తెచ్చి మా మెట్ల కింద పెట్టి వెళ్ళాడు. ఆ ఆదివారం తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపాను. సల్వార్ కమీజ్ వేసుకుని, బూట్లు తొడుక్కుని, చున్నీ బిగించి కట్టాను. నాకూ ఒక హెల్మెట్ కొనుక్కుని దాచి పెట్టుకున్నాను. నేను గుట్టలెక్కుతాననుకోలేదు. చెరువు దగ్గర చాయ్ దుకాణంలో కూర్చుంటాను, ఆయన దిగి వచ్చినప్పుడల్లా ఇద్దరం చాయ్ తాగుతాం అనుకున్నాను. డబ్బా ఒక చేత్తో, హెల్మెట్ ఒక చేత్తో పట్టుకుని కిందికి దిగేసరికి ఆయన బండి స్టార్ట్ చేసి సిద్ధంగా ఉన్నారు.

నా చేతిలో హెల్మెట్ చూశారు. వెనక్కి తిరిగి సీటు చూశారు. ఒక్క మనిషి కూర్చునేలా మార్పించిన సీటు, దాని వెనక క్యారియరు. బండి ఆపేశారు. జేబులోంచి ఆర్సీ తీసి చదివారు.

“ఇద్దరని రాసి ఉందే,” అన్నారు, తప్పు ఆర్సీదన్నట్టు.

రెండేళ్ళు ఎన్ని ప్రశ్నలు రాశాను! ఆయన పడితే ఎలా, బండి ఆగిపోతే ఎలా, పాము కరిస్తే ఎలా. నేను ఎక్కడ కూర్చోవాలి అని ఒక్కసారీ రాయలేదు. ఆయనకూ తట్టలేదు. తట్టకపోవడంలో ఆయన తప్పేం లేదు, ఆయన ఎప్పుడూ తనొక్కరే వెళ్ళడం గురించే రాశారు. నేనే సరిగా చదువుకోలేదు.

“ఇవాళ మానేస్తాలే. సీటు మార్పించాకే వెళ్దాం,” అన్నారు. చెయ్యి మాత్రం హ్యాండిల్ మీద నుంచి తీయలేదు.

“పెట్రోలు పోయించుకున్నారుగా, వెళ్ళి రండి,” అన్నాను. డబ్బాను క్యారియరుకు తాడుతో నేనే బిగించి కట్టాను. నా చోట్లో పులిహోర కూర్చుని వెళ్ళింది.

మూడింటికి తిరిగొచ్చారు. చొక్కా నిండా ముళ్ళు, మోచేయి గీసుకుపోయి రక్తం ఎండిపోయింది. స్పిరిట్ పెట్టి తుడుస్తుంటే ఆయనకు మంట కూడా తెలియలేదు. ఇసుకలో చక్రం ఎలా జారిందో, రాళ్ళ మీద లేచి నిలబడి ఎలా నడపాలో చెబుతూనే ఉన్నారు. చర్చిలో కూడా గుసగుసగా చెప్పారు. ఆ ముఖంలో అంత వెలుగు నేనెన్నడూ చూడలేదు. కరోల్ బాగ్ నుంచి వస్తూ సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగినప్పుడు కూడా చూడలేదు. నేను సంతోషంగా గడిపిన రెండేళ్ళనూ ఆయన ఓపిక పట్టి గడిపారు.

రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ సీటు మాట ఎత్తారు. గుట్టల్లో పొడుగు సీటు అడ్డం వస్తుందని అక్కడివాళ్ళు చెప్పారట. అయినా మార్పిద్దామన్నారు.

“ఎందుకండీ, వచ్చే ఆదివారం నాకు డ్యూటీ ఉంది,” అన్నాను.

“అయ్యో, ఆదివారమా?” అన్నారు. నిజంగానే నొచ్చుకున్నారు. ఆ తర్వాత ఏ గుట్టకు వెళ్ళాలనుకుంటున్నారో చెప్పడం మొదలుపెట్టారు.

ఆదివారం నాకు డ్యూటీ లేదు. సోమవారం పొద్దున్నే మా వార్డు డ్యూటీలు వేసే సిస్టర్ ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్ళి, ఇకనుంచి ఆదివారం డ్యూటీలు నాకు వెయ్యండి అని అడిగాను. ఎవరూ కోరుకోని డ్యూటీ అది. ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూసి రాసేసింది.