రెండో చరణం

మధ్యాహ్నం మూడింటికి సరిహద్దు పోస్టు చేరాం. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. కింది క్యాంపు నుంచి ఆరు గంటల నడక. వీపు మీద ఇరవై రెండు కిలోలు: తూటాలు, పడక సంచి, మూడు జతల ఉన్ని మేజోళ్లు, కిరోసిన్ డబ్బా. మోకాలి లోతు మంచు. ఆరుగురం. ఐదు నెలల డ్యూటీ.

మా సారపాకలో అందరూ నన్ను మంచు గురించే అడుగుతారు. ఎవరినైనా చంపావా అని టీ తాగుతూ అడిగిన పెద్దమనుషులూ ఉన్నారు. నేను చదివింది ఐదో తరగతి. మిగతాదంతా బ్యారక్‌లో పాత పేపర్లు కూడబలుక్కుంటూ చదివి నేర్చుకున్నదే. అయినా ఆ ప్రశ్న అడగకూడదని నాకు తెలుసు. వాళ్లకు తెలియదు. ఆ పోస్టులో కూర్చుని నేను చేసిన అసలు తప్పు గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు.

మా నాన్న కాగితపు మిల్లు దగ్గర వెదురు లారీలు దించేవాడు. మా బస్తీ చర్చిలో ఢోలక్ నాది. సైన్యంలో చేరేదాకా నేనే వాయించాను. నేను పోయాక తమ్ముడు దానియేలు దాని ముందు కూర్చున్నాడు. వాడికి నేర్పింది నేను. ఆ సంగతి జనం అప్పుడే మర్చిపోయి ఉంటారని నా అనుమానం.

జనవరి చివర్లో రేషన్‌తో పాటు ఒక క్యాసెట్ వచ్చింది. క్రిస్మస్ ఆరాధన పాటలు, అమ్మ పంపింది. టేపురికార్డరు మా రేడియో ఆపరేటర్‌ది. ఎర్రుపాలెం మనిషి. చలికి బ్యాటరీలు చచ్చిపోయేవి. గంటసేపు చంకలో పెట్టుకుని వెచ్చబరిస్తే ఇరవై నిమిషాలు టేపు తిరిగేది.

"ఎవరు బావా ఆ కొట్టేది?" అన్నాడు ఆపరేటర్.

"నా తమ్ముడు."

"చెయ్యి భలే తేలిగ్గా పడుతుందే. నువ్వు కిరోసిన్ డబ్బా మీద కొట్టేది వేరులే."

నిజమే. వాడి ఎడమ చెయ్యి నాకంటే మెత్తగా పలుకుతోంది. కడుపు మండిపోయింది. అప్పుడు దొరికాడు నాకు. రెండో చరణం రాగానే ఢోలక్ ఆగిపోయింది. ఒట్టి చప్పట్లు. పల్లవికి మళ్లీ అందుకుంది. తర్వాతి పాటలోనూ అంతే. దరువు అందక చేతులెత్తేశాడు అనుకున్నాను. ఎంత సంతోషమో.

"అన్ని పాటల్లో ఒకేచోట తప్పుతారా ఎవరైనా?" అన్నాడు ఆపరేటర్.

"నాకు ఎర్క లేదా మావోని సంగతి. వానికి చేతగాలె."

ఆ రోజే వాడికి ఉత్తరం రాశాను. 'రెండో చరణానికి చేతులెత్తేసి చర్చి పరువు తియ్యకు. ఖాళీ పూడ్చు. రాకపోతే ఢోలక్ ముట్టకు.' నా మొహం చూసి ఆపరేటర్ కింది క్యాంపుకు వైర్‌లెస్ సెట్‌లో చెప్పాడు: "ఒక ఉత్తరం దిగుతోంది. వేడిగా ఉంది, చేతులు కాలతాయి. ఓవర్."

మార్చిలో సెలవు దొరికింది. ఖమ్మంలో రైలు దిగి బస్సెక్కాను. ఆదివారం పదింటికి చర్చి గుమ్మం ముందు ట్రంకుపెట్టె దించి బూట్ల తాళ్లు విప్పుతున్నాను. లోపల పాట నడుస్తోంది. రెండో చరణం వచ్చింది. ఢోలక్ ఆగలేదు. నా ఉత్తరం పనిచేసింది.

చివర కూర్చున్న అమ్మ నన్ను చూసి బయటికొచ్చింది.

"వచ్చినవా బిడ్డా."

"రెండో చరణం ఇప్పుడు మంచిగ కొడుతుండు."

"కొట్టక ఏం జేస్తడు? పూడ్చుమని నువ్వే రాస్తివి గద. అది నీ జాగ బిడ్డా. నువ్వు పోయిన కాడికెళ్లి ప్రతి పాటల ఒక చరణం నీకిడిసిండు. అన్న వచ్చి గదే కొడ్తడనేటోడు. సంఘమంత చప్పట్లతోనే పాడేది."

"మరి నాకు రాయకపోతిరి?"

"వింటే నీకే ఎర్కైతదనుకున్నం."

ఆ ఢోలక్ తర్వాత కూడా వాడిదే అయింది. ఈ వయసులోనూ ఎవరైనా వాడిని మెచ్చుకుంటే నాకు మండుతుంది. దాచను.

పోస్టులో చూసినవి చాలావరకు చెరిగిపోయాయి. ఇది పోలేదు. ఆ ఆదివారం తర్వాతి పాట మొదలైంది. నేను ఒక కాలికి బూటుతో గుమ్మంలో నిలబడ్డాను. రెండో చరణం దగ్గర దానియేలు తలెత్తి నన్ను చూశాడు. వాడి రెండు చేతులూ వాటంతటవే ఢోలక్ మీది నుంచి లేచాయి. ఒక చప్పట పడేంతసేపు గాలిలో ఆగాయి. నా ఉత్తరం గుర్తొచ్చినట్టుంది. మళ్లీ కిందికి దిగాయి.