సంగీతోత్సవ చరిత్రకు నేను చేసిన సేవ

మా పుదుచ్చేరి సంగీతోత్సవంలో కిక్కిరిసిన సభను ఒక్క పాటతో ఖాళీ చేసిన ఘనుడెవరని అడిగితే, ఎక్కడా వెతకనక్కర్లేదు, నేనే. అంత చెడ్డ గొంతా అంటారా? గొంతుదేం తప్పు లేదండీ!

ఉత్సవం నడిపేది మూలకుళంలో ఉండే మా రామానుజం మామ. ఆ ఏడు ఆయన ఎంతో బతిమాలగా చెన్నై నుంచి ఒక పెద్ద గాయని రావడానికి ఒప్పుకుంది. ఆమె పాడేముందు ఉత్సవ చరిత్ర నాలుగు మాటలు చెప్పే పని నాకు అప్పగించాడు. నేను కరెంటాఫీసు గుమాస్తాను. మైకు ముందు నిలబడటం అదే మొదటిసారి.

కోసపాళయంలో ఒక ఇంటి హాల్లో చాపలు పరిచి ఉత్సవం మొదలెట్టడం, వాన కురిస్తే వీణను మంచం కింద దాచడం, అన్నీ తమిళంలో గడగడా చెప్పేశాను. దిగబోతుంటే తెర పక్క నుంచి మామ చెయ్యూపాడు.

"యాడికిరా దిగేది? ఆమె కారు పిళ్ళైచావడి కాడ ట్రాఫిక్‌లో ఇరుక్కునుండాది. ఇంకా చెప్పు!"

"చరిత్ర అయిపోయింది మామా!"

"అయిపోతే కల్పించు! జనం లేచిపోతే నా పరువు గంగలో కలిసినట్టే. ఆమె మళ్ళా మన ఊరి మొగం చూడదు!"

ముందు వరసవాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు. "ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఇలా పాడేవారు" అని కళ్ళు మూసుకుని అందుకున్నాను. తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రానివాణ్ణి. మొదటి నుంచి చివరిదాకా నోటికి వచ్చిన తెలుగు పాట ఒక్కటే: మా అవ్వ ప్రతి శుక్రవారం పాడే మంగళహారతి.

మీకప్పుడే అర్థమైపోయింది కదూ? నాకు కాలేదు! కచేరీలో మంగళం పాడారంటే ఇక ముగిసినట్టే, ఆ తర్వాత ఎవరూ పాడరు. కళ్ళు తెరిస్తే సభంతా లేచి నిలబడింది. నా పాటకే అనుకుని ఇంకో చరణం ఎత్తుకున్నాను.

"ఆమె రాదంట, మంగళం పాడేసినారు. రాండి, బస్సన్నా దొరకతాది" అంటున్నారెవరో.

మామ పరుగెత్తుకొచ్చాడు. "ఏందిరా నువ్వు చేసింది!"

నేను చెప్పుల స్టాండు దగ్గరికి దూకాను. "పోకండి! అది మంగళం కాదు, మా అవ్వ పాట!" ఒక పెద్దాయన రెండో చెప్పు చేత్తో పట్టుకుని జాలిగా చూశాడు. సరిగ్గా అప్పుడే కారొచ్చి ఆగింది. గాయని దిగి, బయటికొస్తున్నవాళ్ళ మాటలు వింది.

"మంగళం అయిపోయిందట కదా. ఆ తర్వాత నేనెలా పాడేది?" అంది.

మామ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భూమి చీలితే దూరిపోదామనిపించింది నాకు. మామ ఉన్నట్టుండి చేతులు జోడించాడు.

"అమ్మా, అది కచేరీకి పాడింది కాదు. వీడి ఉపన్యాసానికి పాడింది!"

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "అయితే పాడాల్సిందే" అని నవ్వుతూ లోపలికి నడిచింది. చెప్పులు మళ్ళీ స్టాండెక్కాయి. కచేరీ బ్రహ్మాండంగా జరిగింది.

మరుసటి ఏడు చరిత్ర ఇంకొకరు చెప్పారు. చాపలు, మంచం కింద వీణ, ఆ తర్వాత నేను. నవ్వులూ చప్పట్లూ అన్నీ నా మంగళం దగ్గరే.

అందుకే మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇక నేను నోరెత్తి పాడను. ఇంట్లో హారతికి కూడా గంట మాత్రమే వాయిస్తాను. అదీ, వచ్చినవాళ్ళెవరూ లేచి వెళ్ళరని రూఢి చేసుకున్నాకే.