‘ండి’ తీసేసిన గొంతు

మా మేనత్త గొంతు కొన్ని వేల ఇళ్ళలో వినిపిస్తుంది. ఆ ఇళ్ళవాళ్ళకి ఆవిడ ఎవరో తెలియదు. పెద్దవాళ్ళకి వేళకి మందులు గుర్తుచేసే మాట్లాడే పెట్టెలు తయారయ్యే చోట ఆవిడ వైర్లు అతుకుతుంది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నన్నూ తనే తీసుకెళ్ళి పక్క స్టూలు మీద కూర్చోబెట్టింది. చీటీలు అంటించడం నా పని.

కొత్త పెట్టెకి ఆడగొంతు కావాలని ఇంజనీరు అత్తని పిలిచాడు. అట్టపెట్టెల గదిలో ఫ్యాను ఆపి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి రికార్డు చేశారు. నేను మూల నిలబడి చూశాను.

“పొద్దుటి మందు వేసుకోండి,” అంది అత్త, ఇంట్లో మామగారితో అన్నట్టే.

ఇంజనీరు తల గోక్కున్నాడు. “బాగుందక్కా. కానీ చిప్పులో చోటు లేదు. మూడు పూటలా చివర ఆ ‘ండి’ కోసేస్తే, ‘బ్యాటరీ మార్చాలి’ అనే మాట కూడా పడుతుంది.”

“పెద్ద చిప్పు పెట్టొచ్చుగా బాబూ?”

“పెడితే బ్యాటరీ మూడు నెలలే వస్తుంది. ఇదైతే ఏడాది. పెద్దవాళ్ళు మాటిమాటికీ మార్చుకోలేరు కదా.”

“అయితే ‘మందు వేళయింది’ అంటాను. నువ్వూ అక్కర్లేదు, మీరూ అక్కర్లేదు.”

రెండు రకాలూ ముప్పైమంది దగ్గర పెట్టి చూశారు. ‘వేళయింది’ అంటే విని ఊరుకున్నారు. ‘వేసుకో’ అంటే లేచి వేసుకున్నారు. ఇంజనీరు చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. అందుకే అత్త ఒప్పుకుంది.

బెంచీ దగ్గర ఆడవాళ్ళు ఒకటే నవ్వు. “మీ ఆయనకీ ఓ పెట్టె పట్టుకెళ్ళవే. దాని మాటైనా వింటాడు!”

పట్టుకెళ్ళింది, మామగారికి. నేను తాతయ్యా అని పిలిచే ఆయన బడి మాస్టారుగా చేసి రిటైరయ్యారు. గుండె జబ్బు. మాత్రలు తప్పితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పాడు. అప్పటిదాకా మూడు పూటలా “వేసుకున్నారా మామయ్యా?” అని అత్తే అడిగేది, మధ్యాహ్నమైతే ఫోన్ చేసి మరీ. పెట్టె వచ్చాక దాన్ని ఆయన గదిలో మంచం పక్కన పెట్టి, అడగడం మానేసింది.

ఓ ఆదివారం వెళ్ళేసరికి మూలపడ్డ తాతయ్య రేడియో మళ్ళీ పలుకుతోంది. బ్యాటరీలు ఎక్కడివా అనుకున్నాను. అడగలేదు.

ఆ తర్వాత పది రోజులకి ఆయన స్నానాల గదిలో పడిపోయారు. పెట్టె తిప్పి చూస్తే వెనక బ్యాటరీల చోటు ఖాళీ. నెలకి సరిపడా నింపిన అరల్లో, నెలాఖరు దగ్గరపడినా, సగం పైగా మాత్రలు అలాగే ఉన్నాయి. బ్యాటరీలే లేని పెట్టె బ్యాటరీ మార్చమని ఎలా చెబుతుంది?

గుండెలోంచి రక్తం గడ్డ తలకెక్కిందన్నారు. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది.

“బ్యాటరీలు తీశానని ఒక్క మాట చెప్పొచ్చుగా మామయ్యా!” ఆసుపత్రి మంచం పక్కన అత్త ఏడ్చింది.

“నీ గొంతేగా అమ్మా అది. పొద్దున్నే ‘వేసుకో’ అంటుంది. సాయంత్రం నువ్వొచ్చి ‘భోంచేశారా’ అంటావు. ఏది నీ మనసులో మాటో నేనేం తేల్చుకోను?” ముద్దముద్దగా, ఒక్కో మాటే కూడదీసుకుని అన్నారు తాతయ్య.

“చిప్పులో చోటు లేక...”

“ముప్పై ఏళ్ళు వ్యాకరణం చెప్పాను. చోటు లేక మర్యాద లోపించుననే సూత్రం ఎక్కడా లేదు.”

పనికి వెళ్ళాక అత్త ఇంజనీరుని బతిమాలింది, పెట్టెలో ఆ ‘వేసుకో’ మార్చమని.

“వేలమంది దాని మాట విని వేళకి వేసుకుంటున్నారక్కా. మీ మామగారొక్కరి కోసం వాళ్ళని వదిలేయమంటారా?” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. అత్త వచ్చి మళ్ళీ వైర్లు అందుకుంది.

ఇప్పుడు తాతయ్యకి మాత్రలు తనే ఇస్తుంది. ‘వేసుకోండి’ అంటే నటన అనుకుంటారేమోనని భయం. ఇంకోలా అనడానికి నోరు రాదు. మాత్ర ఆయన ఎడమ అరచేతిలో పెట్టి, గ్లాసు నోటికి పట్టి, గొంతు దిగేదాకా చూసి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోతుంది.