ఓబళప్ప చీటీలూ, నీళ్ల కుండా

ఏ మాటైనా రెండు విధాలుగా చేసి చూడనిదే నమ్మకపోవడం మా ఓబళప్ప జబ్బు. పావగడలో శెనక్కాయలు ఒలిచే ఆయన మిల్లుకు నేను గుమాస్తాను. వానలు ముఖం చాటేసిన ఎనభైల్లో పంట తక్కువ, ఆయనకు తీరిక ఎక్కువ. మూటల మీద వెల్లకిలా పడుకుని, కిటికీ ఎండలో బంగారంలా తేలే పొట్టును చూస్తూ ఏవో లోకాల్లో తిరిగేవాడు. అక్కణ్నుంచి దిగివచ్చాడంటే ఎవరికో పరీక్ష మొదలైనట్టే.

ఇంట్లోనూ అంతే. "సంగటి బాగుండాదా?" అని భార్య కదిరమ్మ అడిగితే, "నిన్నటిది పక్కన పెట్టు, చెప్తా" అనేవాడు.

"పెండ్లిచూపుల్లో నా పక్కన ఇంగొకదాన్ని కూచోబెట్టమనలేదు, అదే నా అదృష్టం" అనేదావిడ.

ఒకరోజు భాగస్తుడు సిద్దప్ప దోసిట్లో పగిలిన పప్పుతో వచ్చాడు. మేం విత్తనానికి అమ్మే పప్పు అది, పగిలితే మొలవదు.

"పొద్దున నారప్ప మిషన్లో కాయ పోస్తే బాగుండాది. మధ్యాన్నం గంగక్క పోస్తే పగుల్తాండాది. ఆమెను మాన్పించల్ల" అన్నాడు అందరి ముందూ.

గంగక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడిపోయింది. ఆ కరువులో ఆమెకు మిల్లు కూలే ఆధారం.

"చెయ్యి వల్లనో, ఎండ వల్లనో... చేసి చూస్తాం" అన్నాడు ఓబళప్ప, పొట్టు మీంచి చూపు తిప్పకుండానే.

మర్నాటి నుంచి ఏ పూట ఎవరు పొయ్యాలో చీటీ వేసేవాడు. ప్రతి పూటా సగం మూటల కాయకు నీళ్లు చిలకరించాలి, సగం పొడిగా వదలాలి. ఏ మూట తడపాలో దానికీ చీటీయే!

"ఈ యేడు వాన గూడా ఇన్ని నీళ్లు పోయలేదప్పా" అని కుండ మోస్తూ నారప్ప మూలిగాడు.

మొదట్లోనే సంగతి తేలిపోయింది. మధ్యాహ్నం పొడికాయ నారప్ప పోసినా పగిలింది. తడిపిన కాయ గంగక్క పోసినా పప్పు నిండుగా వచ్చింది. తప్పు ఎండకు పెళుసెక్కిన కాయది. అయినా ఓబళప్ప చీటీలు ఆపలేదు.

"తెలిసిపాయ కదన్నా, ఇంగా ఎందుకు?" అన్నాను.

"కాయ సంగతి తెలిసిపాయ. సిద్దప్ప ఆమెను నలుగుర్లో అనె గదా! ఒగసారి చూపిస్తే ఏదో కలిసొచ్చినాది అంటారు. ఇంగెవురూ ఆమె చేతిని అనకుండా ఉండల్లంటే, శానాసార్లు చూపించల్లప్పా."

చివరికి సిద్దప్పే చేతులెత్తేశాడు. "చాలు సామీ! తప్పు నాదే గంగక్కా!"

గంగక్క కుండలోని నీళ్లు అతని నెత్తిన చిలకరించింది. "ఈయప్ప గూడా పెళుసెక్కినాడు, కొంచెం మెత్తబడనీ!"

మిల్లంతా నవ్వింది, సిద్దప్పతో సహా. ఓబళప్ప మాత్రం అతని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, గంభీరంగా అన్నాడు:

"సగమే తడుపు గంగక్కా. అంతా తడిపితే తేడా ఎట్ల తెలుస్తాది?"