ఎర్ర కుళాయి, నీలం కుళాయి

అంతర్జాలంలో ఉండే విజ్ఞాన సర్వస్వానికి నేను తెలుగులో వ్యాసాలు రాస్తానంటే కువైట్‌లో మేముండే అబ్బాసియాలో ఎవరూ నమ్మరు. నమ్మినవాళ్ళు ఎంతిస్తారని అడుగుతారు. ఏమీ ఇవ్వరని చెబితే అయ్యో పాపం అన్నట్టు చూసి టీ తాగిస్తారు.

నిజానికి అప్పటికి నేను రాసినవి రెండే. రెండింటినీ మూలాలు లేవని తీసేశారు. కడపలో ఉన్న మా ఆవిడ తన చెల్లెలికి గొప్పగా చూపించబోతే అక్కడ ఖాళీ పేజీ కనిపించిందట. ఆ తలవంపులు నేను మరిచిపోలేదు. ఈసారి నిలిచే వ్యాసం ఒకటి చూపించి తీరాలని పంతం పట్టాను.

వెతగ్గా ఒక హోటల్ దొరికింది. ఎక్కడో మంచుకొండల్లో, వేడినీటి బుగ్గల పక్కన కట్టిన పాతకాలపు హోటల్. దాని గురించి తెలుగులో ఉన్నవి రెండు వాక్యాలు, నెత్తిన ఒక నోటీసు. విస్తరించకపోతే తొలగిస్తాం అని దాని సారాంశం. నాకు ఆ హోటల్ మీద సొంత మనిషి మీద కలిగినంత జాలి కలిగింది.

గదిలో నాతో ఉండే కుర్రాడిది రాయచోటి, తమ్ముడనే పిలుస్తాను. రిగ్గైలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. ఒక శుక్రవారం స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చి నా ఫోన్లోకి తొంగి చూశాడు.

"దుడ్లిచ్చి వేన్నీళ్ళు పోసుకుంటారా అన్నా? అదీ అంత దూరం పోయి?"

"ఒంటికి మంచిదంటరా."

"అట్లయితే మన బిల్డింగుకు గూడా ఒక బోర్డు కట్టు. మనకు ఊరికే వస్తాండాయి గదా."

వాడన్నదీ నిజమే. ఇక్కడ ఎండాకాలం మిద్దె మీది ట్యాంకు మసిలిపోతుంది. నీలం కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళతో పప్పు ఉడికించుకోవచ్చు. అందుకని మే నెల రాగానే గీజరు స్విచ్ ఆపేస్తాం. ఏసీ చలువకు అందులో నిలవున్న నీళ్ళే కాస్త చల్లబడతాయి. చన్నీళ్ళు కావాలంటే ఎర్ర కుళాయి తిప్పాలి. ఏళ్ళ తరబడి అలా తిప్పీ తిప్పీ చేతికి అదే అలవాటైపోయింది.

హోటల్ ఎవరు కట్టారు, ఎలా తగలబడింది, మళ్ళీ ఎలా లేచింది, అన్నీ మూలాలతో సహా రాశాను. చివర్లో అక్కడి స్నానాల గది ఫోటో ఒకటి దొరికింది. పింగాణీ తొట్టి, దాని మీద రెండు కుళాయిలు, ఒకటి ఎర్ర బిళ్ళది, ఒకటి నీలం బిళ్ళది. కింద నేనే వివరం రాశాను: 'వేడినీటికి నీలం కుళాయి, చన్నీటికి ఎర్ర కుళాయి. వేసవిలో గీజరు ఆపివేయబడును.'

వ్యాసాలు పరిశీలించే పెద్దమనిషి ఒకాయన చర్చాపేజీలో రాశారు. "చాలా బాగుంది. నోటీసు తీసేద్దామనుకుంటున్నాను. కుళాయిలు మాత్రం తారుమారైనట్టున్నాయి. మూలం చూపగలరా?"

నాకు ఒళ్ళు మండింది. ఎర్ర కుళాయిలో చన్నీళ్ళు వస్తాయని చిన్నపిల్లలకు కూడా తెలుసు, దీనికి కూడా మూలమా అని రాశాను. తమ్ముణ్ణి సాక్ష్యానికి పిలిచాను.

"ఎర్రదే సల్లవి. దాంట్లో అనుమానం ఏముంది?" అన్నాడు వాడు.

పక్క గదుల వాళ్ళూ అదే మాట అన్నారు. కువైట్ సాక్ష్యం చెల్లదంటారేమోనని ఇంటికి వీడియో కాల్ చేశాను.

"మనింట్లో ఎర్ర కుళాయి తిప్పితే ఏం నీళ్ళు వస్తాయి?"

"సల్లవి," అంది మా ఆవిడ.

"చూసినావా," అన్నాను తమ్ముడితో.

"ఏం చూసేది?" అంది మా ఆవిడ ఫోన్లోంచి. "నువ్వే గదప్పా మార్పించింది. పోయిన తూరి వచ్చినప్పుడు ఎర్రది తిప్పి ఒళ్ళు కాల్చుకుంటివి. తప్పు బిగించినావని ప్లంబరును తిట్టి, వాని చేతనే మార్పిస్తివి."

తమ్ముడు మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు. నేను చర్చాపేజీ తెరిచి, క్షమించండి, నేను రాసింది ఆ హోటల్ గురించి కాదు, మా బాత్రూము గురించి అని ఒప్పుకున్నాను.

"నేను వచ్చేసినాక మళ్ళా మార్పించకపోయినావా?" అని అడిగాను మా ఆవిడను.

"ఇంటికొచ్చినోళ్ళంతా తిడతానే ఉండారు. మొన్న మా చెల్లెలి మొగుడు చెయ్యి కాల్చుకున్యాడు. అయినా మార్పిస్తే నువ్వొచ్చినప్పుడు మళ్ళా కాల్చుకుంటావని అట్లే పెట్టినా."

ఏడాదికి ఒక్క నెల ఉండే నాకోసం ఇంటిల్లిపాదీ పదకొండు నెలలు తప్పు కుళాయి తిప్పుకుంటున్నారు. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ సంతోషమేసింది. తమ్ముడు చూడకుండా ముఖం అటు తిప్పుకున్నాను.

నోటీసు తీసేశారు. ఫోటో కింద ఇప్పుడు 'స్నానాల గది, రెండు కుళాయిలు' అని మాత్రమే ఉంది. మా ఆవిడకు పంపాను. ఆమె చెల్లెలికి చూపించి, తనూ చివరిదాకా చదివి ఫోన్ చేసింది.

"అంతా బాగుంది గానీ, యా కుళాయిలో యా నీళ్ళో రాయలేదేందప్పా? పాపం, పోయినోళ్ళు కాల్చుకోరా?"